ఊఁ కొట్టించిన జోలపాట

“లేవడం లేదు పిన్నిగారూ! గిల్లినా లేవడం లేదు, ఒక్కసారి రండి!”

పక్కవాటా జ్ఞానప్రసూనాంబ గారు చేతిలో గరిటెతోనే పరుగెత్తుకొచ్చారు. ఆవిడ గుమ్మం దాటేసరికి తొమ్మిది నెలల ఎస్తేరు నిక్షేపంగా లేచి కూర్చుని గుక్కపట్టి ఏడుస్తోంది. పాప అరికాలి మీద గోటి గుర్తు ఎర్రగా కనిపిస్తోంది.

“లేవక ఏం చేస్తుందమ్మా? అలా గిల్లితే కాటికి కాళ్ళు చాపుకున్న మా అత్తగారైనా లేచి కూర్చుంటుంది,” అన్నారావిడ. “పట్టపగలు, భోజనాల వేళ, హాయిగా పడుకున్న పిల్లని ఎందుకమ్మా లేపడం?”

కేక పెట్టి ఆవిడని పిలిచింది పాప తల్లి జయకుమారి. ఏడుస్తున్న పాపని భుజాన వేసుకుని గదిలో ఆ గోడ నుంచి ఈ గోడకి తిరుగుతోంది. పాప ఏడుస్తోందంటే ఊపిరి ఉన్నట్టే. ఆ ఏడుపు వింటుంటేనే ఆమెకి కాస్త స్థిమితంగా ఉంది.

ఆమె బి.ఎస్సీ. జువాలజీ చదివింది. ప్రత్తిపాడు హైస్కూల్లో ఎనిమిది, తొమ్మిది, పది తరగతులకి జీవశాస్త్రం చెబుతుంది. భర్త జయరావు దాచేపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో కెమిస్టు. శనివారం సాయంత్రం బస్సుకి వచ్చి సోమవారం మొదటి బస్సుకి వెళ్ళిపోతాడు. మిగతా రోజుల్లో ఆ రెండు గదుల ఇంట్లో తల్లీ బిడ్డా ఇద్దరే.

ఆ ఏడు జనవరి దాకా జయకుమారి కూడా అందరు తల్లుల్లాంటి తల్లే. జనవరిలో ఒకరోజు పాపకి జ్వరం నూటరెండు దాటింది. తడిగుడ్డ కోసం ఆమె లేచి వెళ్ళి వచ్చేలోపు పాప ఒళ్ళు కొయ్యబారింది. కళ్ళు పైకి తేలిపోయాయి, చేతులూ కాళ్ళూ కొట్టుకున్నాయి. గోడ గడియారం ప్రకారం అదంతా రెండున్నర నిమిషాలు. తర్వాత పాప తోటకూర కాడలా వడలిపోయి నిద్రలోకి జారింది.

డాక్టరు తొణకలేదు. “జ్వరంతో వచ్చే ఫిట్సు. నూటికి ముగ్గురు నలుగురు పిల్లలకి వస్తాయి. జ్వరం తగలగానే ఒళ్ళు తుడవండి, నా దగ్గరికి తీసుకురండి. అయిదారేళ్ళు దాటితే వాటంతటవే పోతాయి. జ్వరం లేనప్పుడు మీరు మామూలుగా ఉండొచ్చు,” అన్నాడు.

జయకుమారికి లెక్కలు తెలుసు. నూటికి ముగ్గురంటే తక్కువే. కానీ ఆ ముగ్గురిలో ఒకరు తన ఒళ్ళో ఉన్నప్పుడు మిగిలిన తొంభై ఏడుగురితో ఆమెకేం పని? ఫిట్సు వచ్చిన రెండున్నర నిమిషాల కంటే ఆ తర్వాత పాప పోయిన నిద్రే ఆమె గుండెలో ముల్లులా దిగిపోయింది. అప్పట్నించీ పాప కళ్ళు మూస్తే చాలు, ఈమెకి కాలు నిలవదు. పక్కన కూర్చుని ఊపిరి లెక్కపెడుతుంది. నిమిషానికి ముప్ఫై నాలుగు. మళ్ళీ లెక్కపెడితే ముప్ఫై ఒకటి. ఆ మూడూ ఏమయ్యాయి? పాఠం చెప్పేటప్పుడు పిల్లలతో, “ప్రాణి ఊపిరి గడియారంలా నడవదు, కొంచెం అటూ ఇటూ అవుతుంది,” అంటుంది. ఇంట్లో ఆ మాట గుర్తుకు రాదు. పావుగంటకోసారి పాప అరికాలిని వేలితో టక్కున కొడుతుంది. పాప ఉలిక్కిపడితే ఈమె ఊపిరి పీల్చుకుంటుంది. పాప వెంటనే ఏడుపు అందుకుంటుంది. ఆ ఏడుపు మాన్పించడానికి మళ్ళీ జోకొట్టాలి.

జోకొట్టడానికి ఒక పాట ఉంది. జయరావు కొన్న టేపురికార్డరులో జోలపాటల కేసెట్టు, అందులో రెండో వైపు చివరి పాట. ఆ రోజుల్లో ఆ పాట వినని ఇల్లు గుంటూరు జిల్లాలో లేదు. బస్సుల్లో పెట్టేవారు, కాఫీ హోటళ్ళలో పెట్టేవారు, బారసాలకి మైకుసెట్టు పెడితే మొదటి పాట అదే.

తూము దాటొచ్చాము తల్లీ – ఊఁ
తుమ్మతోపొచ్చింది తల్లీ – ఊఁ
పత్తిచేలన్నీ పచ్చంగ పూసె
పలకవే నా చిట్టితల్లీ – ఊఁ

పాడేది ఒక ఆడగొంతు. ప్రతి పాదం చివరా ‘ఊఁ’ అనేది మాత్రం ఎవరో ముసలాయన, లోతైన గొంతుతో, నూతిలోంచి వచ్చినట్టు. అలా సాగి సాగి మూడో చరణానికి వచ్చేసరికి ఒక విచిత్రం జరిగేది.

వాగొచ్చె వాగొచ్చె తల్లీ
వంగి చూడవె ఒక్కసారీ

ఈ రెండు పాదాలకీ ఊఁ ఉండదు. అవే పాదాలు మళ్ళీ వస్తాయి. మళ్ళీ ఊఁ ఉండదు. మూడోసారీ అంతే. అప్పుడు హార్మోనియం ఒక్కసారిగా భగ్గుమని మోగుతుంది. ఆ మోత తర్వాత, చాలా నెమ్మదిగా, ఊఁ.

దీనిగురించి ఊళ్ళో తలా ఒక మాట అనేవారు. స్కూలు డ్రిల్లు మాస్టారు టేపు ఇరుక్కుపోయిందనేవాడు. నాలుగు కీర్తనలు నేర్చుకున్న జ్ఞానప్రసూనాంబ గారు, “సంగతులు వేసిందమ్మా, మీకు తెలియదు,” అనేవారు. జయరావుకి ఆ హార్మోనియం మోతంటే ఒళ్ళుమంట. “జోలపాటలో ఇదేం గోల? పడుకున్నవాడు కూడా లేచి కూర్చుంటాడు,” అని విసుక్కునేవాడు. ఎవరేమన్నా ఆ పాటకి పిల్లలు పడుకునేవారు. జనానికి కావలసింది అదే.

ఫిబ్రవరిలో వీరమ్మ వచ్చింది.

జయకుమారి బడికి వెళ్ళే వేళ పాపని చూసుకోవడానికి చర్చి పాస్టరుగారు పంపిన మనిషి ఆమె. నలభై అయిదేళ్ళుంటాయి. సన్నగా, పొడుగ్గా, ఎండిన కందికంపలా ఉంటుంది. పెళ్ళయిన ఆరేళ్ళకే మొగుడు విషజ్వరంతో పోయాడు. ఉన్న ఒక్క కూతుర్ని పెట్టుకుని పత్తి తీసింది, కలుపు తీసింది, ఆ తర్వాత గుంటూరులో మిర్చి కొట్లలో తొడిమలు తీసింది. రోజంతా మిరపకాయల గుట్ట ముందు గొంతుక్కూర్చుని కాయకాయకీ తొడిమ గిల్లడం. ఏడేళ్ళకి ఆ ఘాటు ఛాతీలో కూర్చుంది. దగ్గు తగ్గాక కూడా, ఏ మాట చెప్పినా మధ్యలో ఒకసారి గొంతు సవరించుకునేది. కూతురు కొండమ్మకి కనిగిరి సంబంధం కుదిరి పెళ్ళయిపోయింది. దాంతో వీరమ్మ ప్రత్తిపాడు వచ్చి తమ్ముడి పంచన చేరింది.

మొదటిరోజే ఒక షరతు పెట్టింది.

“టీచరమ్మా, బిడ్డని చూస్తా. నీళ్ళు పోస్తా, ఉగ్గు పెడతా, ఒంటికి రెంటికి తీస్తా. ఆ పెట్టె మాత్రం నేనుండగా మోగించమాక.”

“టేపురికార్డరా? ఎందుకు వీరమ్మక్కా?”

“నాకు పడదు.”

పడకపోతే పోనీ అనుకుంది జయకుమారి. కానీ వారం తిరిగేసరికి ఇంకో సంగతి ఆమె మనసు తొలవడం మొదలుపెట్టింది. రాత్రి తన పక్కన అరగంట కూడా నిలకడగా పడుకోని పాప, పగలు వీరమ్మ దగ్గర మూడేసి గంటలు పడుకుంటోందట. పాట లేదు, ఉయ్యాల లేదు. బడి నుంచి వచ్చేసరికి పాప కళ్ళు తేటగా, బుగ్గలు ఉబ్బి, నవ్వుతూ ఉంటోంది.

ఇంకో తల్లి అయితే దేవుడికి దణ్ణం పెట్టుకునేది. జయకుమారి అనుమానం పెట్టుకుంది. పొలం పనులకి పోయే తల్లులు వెనకట పసిపిల్లలకి ఆవగింజంత నల్లమందు నాకించి పడుకోబెట్టేవాళ్ళని ఆమె చిన్నప్పుడు విన్నది. ఒకసారి ఆ మాట మనసులో పడ్డాక ఇక వదల్లేదు. పాలసీసా వాసన చూసింది. ఉగ్గుగిన్నె వేలితో తుడిచి నాకి చూసింది. వీరమ్మ బొడ్డున దోపుకున్న సంచిలో ఏముందో చూద్దామని రెండు రోజులు ప్రయత్నించింది. అందులో వక్కపలుకులూ ఒక రుమాలూ తప్ప ఏమీ లేవు. లేకపోయేసరికి అనుమానం ఇంకా పెరిగింది. దాచిందేమో!

ఒకరోజు ఎనిమిదో తరగతిలో కప్ప గుండె గురించి చెబుతోంది. గుండెని బయటికి తీసి ఉప్పునీళ్ళలో వేసినా కాసేపు కొట్టుకుంటూనే ఉంటుంది అని చెబుతూ మధ్యలో ఆగిపోయింది. పిల్లలు నలభై మంది ఆమె నోరే చూస్తున్నారు. సుద్దముక్క బల్ల మీద పెట్టి, పక్క క్లాసు మాస్టారికి “తలనొప్పి” అని చెప్పి, ఇంటి దారి పట్టింది. నడవడం చాలక పరుగు లంకించుకుంది. మార్చి నెల ఎండ. దారి పొడవునా కళ్ళాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటుకి ముక్కు కారుతోంది. చెప్పు తెగితే చేత పట్టుకుంది.

తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల చాప మీద ఎస్తేరు పడుకుంది. పక్కనే వీరమ్మ ఒత్తిగిలి పడుకుని ఉంది. ఒక చెయ్యి పాప పొట్ట మీద. ఇద్దరూ నిద్రపోతున్నారు.

జయకుమారి చాప పక్కన కూలబడింది. పాప రెప్పని బొటనవేలితో పైకెత్తి, కిటికీ వెలుతురు కంట్లో పడేలా ముఖం తిప్పింది. నల్లమందైతే కంటిపాప గుండుసూది మొనంత అయిపోతుంది. సరిగ్గా కనిపించలేదు. అరికాలి మీద కొట్టబోయింది. ఆమె మణికట్టుని ఎవరో గట్టిగా పట్టుకున్నారు.

“ఏందమ్మా నువ్వు చేసేది?” వీరమ్మ పడుకునే అడిగింది. గొంతు పెంచలేదు.

“నా పిల్లకి ఏం పెట్టావు? నిజం చెప్పు. నల్లమందా?”

“ఏందీ?”

“నల్లమందు! లేకపోతే ఇన్ని గంటలు ఎలా పడుకుంటుంది? నా దగ్గర పడుకోని పిల్ల నీ దగ్గర ఎలా పడుకుంటుంది?”

వీరమ్మ లేచి కూర్చుంది. పాపకి ఎండ తగలకుండా కిటికీ రెక్క వేసింది. పైట సర్దుకుంది. జుట్టు ముడేసుకుంది. ఇంత మాట పడ్డ మనిషి చేయవలసిన పనులేవీ చేయలేదు. అరవలేదు, ఏడవలేదు, సంచి అందుకుని వెళ్ళిపోనూ లేదు.

“నల్లమందు పెట్టే ముండనైతే పాస్టరుగారు ఎందుకు పంపుతారమ్మా?” అంది చివరికి. “కంటిపాప చూస్తున్నావుగా. చూడు. కళ్ళనిండా చూడు. చిన్నదయిందా?”

జయకుమారి మళ్ళీ చూసింది. నీడలో కంటిపాప మామూలుగా, నల్లగా, గుండ్రంగా విచ్చుకుని ఉంది. పాప చిరాకుపడి మొహం తిప్పుకుని మళ్ళీ నిద్రలోకి జారిపోయింది.

“చిన్నదైన కంటిపాప నేను చూశా టీచరమ్మా,” అంది వీరమ్మ. “మందు పట్టిన మనిషి కళ్ళు కూడా అట్టాగే అయితయ్. పత్తిమందు. నువ్వు మోగించే పాట ఉందే, అది దాని పాట.”

“ఏ పాట?”

“ఊఁ పాట. అది జోలపాట కాదు. నేను కట్టింది. నా కూతురు నిద్రపోకుండా ఉండటానికి కట్టా.”

జయకుమారికి ముందు నమ్మకం కలగలేదు. ఊరూవాడా మోగే పాట ఈ మనిషి కట్టిందా? కానీ వీరమ్మ గొంతు సవరించుకుని చెప్పుకుపోతుంటే, మధ్యలో ఒక ప్రశ్న వేసే సందు కూడా దొరకలేదు.

ఎనిమిదేళ్ళ కిందటి సంగతి. డెబ్భై తొమ్మిది నవంబరు. ప్రత్తిపాడుకి తొమ్మిది మైళ్ళు లోపలికి వీరమ్మ వాళ్ళ పల్లె. పత్తికి పురుగు పట్టి ఆ ఏడు మూణ్ణాలుగు రోజులకోసారి మందు కొడుతున్నారు. కొండమ్మకి అప్పుడు పదకొండేళ్ళు. తల్లితో పాటు చేలోకి వచ్చేది. దాహమేస్తే డ్రమ్ము దగ్గరున్న చెంబు తీసుకుని కుండలో నీళ్ళు ముంచుకు తాగింది. మందు కలిపిన చెంబు అదే. ఎవరో కడిగే పెట్టారు, కడిగాం కదా అనుకున్నారు.

“ఎంతోసేపు పట్టలా. వాంతులు పెట్టుకుంది. నోటెంట చొంగ. ఒళ్ళంతా చెమట, వానలో తడిసినట్టు. కళ్ళు చూస్తే నల్లగుడ్డులో నలుసంత పాప మిగిలింది. అందరూ ఒకటే మాట, ‘వీరమ్మా, పిల్లని నిద్రపోనియ్యమాక, కన్ను మూసిందంటే మన బిడ్డ కాదు’ అని. మాలో మందు పట్టినోళ్ళని అట్టాగే కూర్చోబెట్టి ఊపుతా, కొడతా, మాట్లాడిస్తా ఉంటారు.”

ఊళ్ళో ఆ రోజు ట్రాక్టరు లేదు. కనిపించిన బండి ఒక్కటే, జక్రయ్య ఎడ్లబండి. దాన్ని అప్పటికే నాటకాల హార్మోనిస్టు గౌస్ బాషా ప్రత్తిపాడుకి కట్టించుకున్నాడు, పక్క ఊళ్ళో పద్యనాటకం ముగించుకుని. పిల్లని చూసి ఆయన ఏమీ అడగలేదు. హార్మోనియం పెట్టెని ఒళ్ళోకి లాక్కుని, గడ్డి మీద చోటు చేశాడు.

“తొమ్మిది మైళ్ళు. ఎంతసేపని కొడతా, ఎంతసేపని ఊపుతా? చెయ్యి రావటంలా. అప్పుడు పాడా. పాటంటే పాట కాదమ్మా, నాకెక్కడొచ్చు పాటలు? కలుపు తీసేటప్పుడు ఒకళ్ళు అంటా ఉంటే అందరూ ఊఁ కొట్టే వరస ఒకటుంది మాకు. ఆ వరసలో, కళ్ళకేది కనపడితే అది అనటం. తూమొచ్చింది తల్లీ అంటే ఊఁ అనాలి. తుమ్మతోపొచ్చింది తల్లీ అంటే ఊఁ అనాలి. అది ఊఁ అంటేనే నేను ముందుకి పోవటం. ఎడ్లు పరుగు మీదున్నయ్, నా పాటా పరుగే. ఇప్పుడు నువ్వు వినే సాగతీత కాదు.”

జయకుమారికి పాటలో మూడో చరణం గుర్తొచ్చింది. “వాగు దగ్గర...” అంది.

“ఆ. వాగు దగ్గర అనలా.”

వీరమ్మ చాప అంచులో ఊడిన పుల్లని లోపలికి దోపింది.

“వాగొచ్చె తల్లీ అన్నా. పలకలా. మళ్ళీ అన్నా. పలకలా. జక్రయ్య బండి ఆపబోయాడు. తోలరా నీ తల్లి అని బూతులు తిట్టా. మూడోసారి అన్నా. అప్పుడు గౌస్ బాషా ఆ పెట్టె తీసి, పిల్ల చెవి పక్కన పెట్టి, అయిదు వేళ్ళూ కట్టగట్టి ఒక్క మోత మోగించాడు. ఎడ్లు బెదిరినయ్. పిల్ల కళ్ళు తెరిచి ఊఁ అంది.”

బజారులో ఎవరి రేడియోలోనో వార్తలు వస్తున్నాయి. జయకుమారికి ఒక్క ముక్క ఎక్కడం లేదు. ఆ మోత కోసం జయరావు ఎన్నిసార్లు విసుక్కున్నాడు! సంగతులట. టేపు ఇరుక్కుపోయిందట.

“మరి అది జోలపాట ఎలా అయింది?”

“అది ఆయన్ని అడగాలి,” అని వీరమ్మ మొదటిసారి నవ్వింది. “నాలుగేళ్ళ తర్వాత గుంటూరులో కేసెట్టు చేస్తన్నారంట. జోలపాటలన్నీ అయిపోయినయ్యంట, రెండో వైపు చివర నాలుగు నిమిషాలు టేపు మిగిలిపోయిందంట. ఇంకో పాటుంటే చెప్పండి మాస్టారూ అంటే ఆయనకి ఇదే గుర్తొచ్చింది. పాడే అమ్మాయికి నేర్పాడు. బండి నడకలో పాడితే రెండున్నర నిమిషాలకే అయిపోయింది. ఆ కంపెనీ ఆయన, ‘ఇంకా నిమిషన్నర ఖాళీగా తిరుగుద్ది, కాస్త సాగదియ్యండి’ అన్నాడంట. సాగదీశారు. సాగదీస్తే జోలయింది.”

“ఊఁ అనేది?”

“ఆయనే. పిల్లలెవరి చేతన్నా అనిపిద్దామంటే ఒప్పుకోలేదంట. ‘విన్నవాణ్ణి నేను, నేనే అంటా’ అన్నాడంట. వాగు దగ్గర మూడుసార్లు ఎందుకయ్యా, కోసెయ్యమంటే, ‘అది కోసేదైతే పాటే తీసెయ్యండి’ అని పెట్టె మూసేశాడంట. మొండోడు.”

ఆ కేసెట్టు పట్టుకుని గౌస్ బాషా మిర్చి కొట్టుకి వచ్చాడు. గుమస్తా టేపురికార్డరులో పెట్టారు. తొడిమలు తీసే ముప్ఫై మంది ఆడవాళ్ళూ విన్నారు. భోజనాల తర్వాత వేళ కావడంతో అందులో సగం మంది అక్కడే కునికిపాట్లు పడ్డారు. వీరమ్మ కళ్ళ వెంట నీళ్ళు కారిపోతుంటే పక్కావిడ, “కళ్ళు నలుపుకున్నావా? చేతులకి కారం ఉందే, చూసుకోవద్దూ?” అంది.

“నేనాయన్ని ఒకటే అడిగా. మాస్టారూ, దీనికి పిల్లలు పడుకుంటారా అని. పడుకుంటున్నారంట వీరమ్మా అన్నాడు. అయితే ఉండనియ్, నా ముందర మాత్రం పెట్టమాక అన్నా.”

“కానీ వీరమ్మక్కా,” అంది జయకుమారి. చదువుకున్న బుద్ధి ఊరుకోలేదు. “కొండమ్మ బతికింది నిద్రపోకపోవడం వల్ల కాదు. ఆస్పత్రిలో ఏదో సూది వేసి ఉంటారు. అట్రోపిన్ అని ఉంటుంది. దానివల్ల బతికింది. మేలుకుని ఉన్నా, నిద్రపోయినా, సమయానికి తీసుకువెళ్ళడమే ముఖ్యం.”

అనేశాక నాలుక కొరుక్కుంది. వీరమ్మకి కోపం రాలేదు.

“డాక్టరు కూడా అదే చెప్పాడు. ఇంటికి పంపేటప్పుడు, ‘ఇక భయంలేదు, బాగా తిననియ్యి, బాగా పడుకోనియ్యి’ అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. తొమ్మిది మైళ్ళు గొంతు చించుకున్నది నేను, సూది పొడిచినోడు వచ్చి నా పాట ఏమీ చెయ్యలేదంటాడా అని. ఆ మాట విని ఉంటే బాగుండేది.”

“ఏమైంది?”

“పిల్ల కన్ను మూస్తే చాలు, నాకు బండి మీదున్నట్టే ఉండేది. కొండమ్మా, ఊఁ అను. పగలు, రాత్రి, ఎప్పుడు కునుకు తీసినా, ఊఁ అను. అది ఊఁ అనేది. నేను స్థిమితపడేదాన్ని. అర్ధగంటకి మళ్ళీ ఊఁ అను. రెండు నెలలు. పిల్లకి కళ్ళు గుంటలు పడినయ్. నిలబడి నిద్రపోయేది. ఒకరోజు పొద్దున్నే నేను నీళ్ళకి పోయా. అది పొయ్యి ముందు కూర్చుని జొన్నసంగటి కెలుకుతా కునికింది. కుండలో పడింది చెయ్యి.”

వీరమ్మ తన కుడి మోచేతి దగ్గర వేలు పెట్టి, అక్కడినుంచి మణికట్టు దాకా గీసి చూపించింది.

“ఇక్కణ్ణుంచి ఇక్కడిదాకా. ఇప్పటికీ నిండు చేతుల జాకెట్టే తొడుగుద్ది. మందు నా బిడ్డనేమీ చెయ్యలా టీచరమ్మా. లేచి తిరిగింది. చేసింది నేను.”

జయకుమారి పాప వైపు చూసింది. పొట్ట లేస్తోంది, దిగుతోంది. చెయ్యి ఆ అరికాలి వైపు పోబోయి ఆగింది. పదిరోజులుగా పొద్దున లేచాక పాప పాకేటప్పుడు తూలి పడుతుండటం ఆమె చూస్తూనే ఉంది. బలహీనత అనుకుంది. ఇనుము తక్కువైందేమోనని రక్తపరీక్ష రాయించుకోవాలని కూడా అనుకుంది. రాత్రిళ్ళు నిద్ర చాలక అని తోచనే లేదు. ఆమెకి ఒక్కసారిగా సిగ్గు ముంచుకొచ్చింది. ఆ సిగ్గు వెనకాలే మళ్ళీ భయం వచ్చింది.

“నేనూ అదే చేస్తున్నాను. తెలుస్తూనే ఉంది. కానీ ఆగలేను,” అంది. “కళ్ళు మూసుకుంటే ఆ రోజే కనిపిస్తుంది. లేపకుండా ఉంటే, ఏమైనా అయితే?”

“అయితే తెలుస్తది. నాకు తెలిసింది ఏందంటే, చూసే కన్ను మోసం చేస్తది. ఊపిరి ఉన్నా లేనట్టు కనపడుద్ది. చెయ్యి మోసం చెయ్యదు. వేడి తగిల్తే చేతికి తెలుసుద్ది, ఒళ్ళు అదిరితే చేతికి తెలుసుద్ది. నిద్రలో ఉన్నా తెలుసుద్ది. రోజూ నేను చేసేది అదే. అదే నా నల్లమందు.”

జయకుమారికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. “నన్ను క్షమించు వీరమ్మక్కా. అంత మాట అన్నాను.”

“అనవూ మరి? నేనైతే జుట్టు పట్టుకునేదాన్ని. నువ్వు చదువుకున్నదానివి కాబట్టి కంటిపాప చూశావు,” అంది వీరమ్మ. “చాల్లే, ఇటు రా. చెప్పు తెగినట్టుంది, అక్కడ పడెయ్. బడికి తలనొప్పనే కదా చెప్పి వచ్చుంటావు? అబద్ధమెందుకు, పడుకో.”

పాపకి ఈ పక్క చోటు చూపించింది. జయకుమారి పడుకుంది. పాప పొట్ట మీద చెయ్యి వేసింది. మొదట చెయ్యి బిగుసుకునే ఉంది. లెక్క దానంతటదే మొదలైంది, ఒకటి, రెండు, మూడు... పదిహేడు దగ్గర తప్పింది. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టబోతే, “పెదాలు కదులుతున్నయ్,” అంది వీరమ్మ అటువైపు నుంచి. జయకుమారి పెదాలు మూసుకుంది. అరచేతి కింద వెచ్చగా, చిన్నగా, పొట్ట లేస్తోంది. దిగుతోంది. ఎన్నిసార్లో ఆమెకి తెలియలేదు.

ఏప్రిల్లో ఎస్తేరుకి మళ్ళీ జ్వరం వచ్చింది. ఒళ్ళు కాలడం జయకుమారికి అరచేతితోనే తెలిసింది. థర్మామీటరు ఆ తర్వాతే చెప్పింది. తడిగుడ్డతో తుడిచి, పాపని ఎత్తుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తింది. ఈసారి ఫిట్సు రాలేదు. మళ్ళీ ఎప్పుడూ రాదని ఆమె అనుకోవడం లేదు. ఆ భయం పూర్తిగా పోలేదు, పోయేదీ కాదు. జయరావు వచ్చిన ఆదివారాల్లో కూడా, మధ్యాహ్నం పాప పడుకున్నాక ఆమె వేళ్ళు ఒక్కోసారి ఆ అరికాలి దాకా వెళతాయి. అప్పుడు వీరమ్మ చెప్పిన మాట తలుచుకుని చెయ్యి వెనక్కి తీసుకుంటుంది, ఆ మాట ప్రకారమే చేస్తుంది.

“జ్వరమొస్తే పరుగెత్తు. జ్వరం లేనప్పుడు పడుకున్న బిడ్డని పలకమని అడగమాక. పక్కన పడుకుని చెయ్యి వెయ్యి. వేశాక నువ్వు కూడా కళ్ళు మూసుకో.”